తొలినాటి ఇంగ్లండ్ అచ్చు ప్రపంచంలో ఆడవాళ్ళు: అపోహలు - వాస్తవాలు

పాత ఇంగ్లిష్ పుస్తకం ఏది చేతికొచ్చినా నేను ముందు చూసేది రచయిత పేరు కాదు, ముఖపత్రం అట్టడుగున ఉండే రెండు లైన్లు. ఎవరు అచ్చేశారు, ఎవరి కోసం వేశారు, ఏ గుర్తున్న కొట్లో అమ్ముతారు, ఏ సంవత్సరం, ఇవన్నీ ఉంటే అక్కడే ఉంటాయి. పదహారు, పదిహేడు శతాబ్దాల లండన్ అచ్చు ప్రతుల వివరాలు కేటలాగులో ఎక్కించడం నా పని. ఆ మాట చెప్పగానే "ఆ రోజుల్లో ఆడవాళ్ళు ప్రెస్సు నడపడమేంటండీ" అంటారు. తరచూ వినే మాటలు కొన్నిటికి ఇక్కడే జవాబు చెప్తాను.

అపోహ: మొగుడు పోతే భార్య పేరు పెట్టుకున్నారంతే, పనంతా మగవాళ్ళదే.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, అందుకే ఈ మాట వదలడం లేదు. 1557లో స్టేషనర్స్ కంపెనీకి రాజశాసనం దొరికింది. పేరు చూసి పెన్నులూ నోటుబుక్కులూ అనుకోకండి, అది ప్రింటర్ల, పుస్తక వ్యాపారుల వృత్తి సంఘం. సభ్యుడు చనిపోతే అతని భార్య ప్రెస్సు నడపొచ్చు, అతని పుస్తకాల హక్కులు అట్టే పెట్టుకోవచ్చు, పని నేర్చుకునే కుర్రాళ్ళను చేర్చుకోవచ్చు. సంఘంలో లేనివాణ్ణి మళ్ళీ పెళ్ళాడితే మాత్రం ఇవన్నీ పోతాయి. దాంతో సంఘంలోవాడు ఆ వితంతువును చేసుకుంటే అతనికి నడుస్తున్న ప్రెస్సు కలిసొచ్చేది. జాక్విలిన్ వోట్రోలియే భర్త దగ్గర పని నేర్చుకున్న రిచర్డ్ ఫీల్డ్, ఆయన పోయాక ఆవిణ్ణే పెళ్ళాడాడు. షేక్‌స్పియర్ పేరుతో వచ్చిన మొదటి పుస్తకం 'వీనస్ అండ్ అడోనిస్' 1593లో అచ్చయింది ఆ ఫీల్డ్ దగ్గరే. చరిత్రలో ఫీల్డ్ పేరు నిలిచింది. ప్రెస్సు ఎవరి వైపు నుంచి వచ్చిందో ఎవరూ అడగరు.

ఈ శాసనం రాకముందే, 1540లో, లండన్‌లో న్యాయశాస్త్ర పుస్తకాలు అచ్చేసే రాబర్ట్ రెడ్మన్ చనిపోతే భార్య ఎలిజబెత్ పికరింగ్ కొద్దికాలం ప్రెస్సు నడిపింది. ఆ పుస్తకాల్లో తన పేరే వేసుకుంది, అదీ పికరింగ్ అనే. ఇంగ్లండ్‌లో పుస్తకం మీద ప్రింటర్‌గా పేరు కనిపించే మొదటి స్త్రీ ఆవిడ.

ఇక టేస్ సోల్. ఈవిడ వితంతువు కాదు, కూతురు. క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ళ పుస్తకాలు వేసే తండ్రి ఆండ్రూ సోల్ నుంచి 1691లో పాతికేళ్ళ వయసులో ప్రెస్సు అందుకుంది. 1749లో చనిపోయేదాకా ఆ వ్యాపారం ఆవిడదే. ఆ కాలపు పుస్తక వ్యాపారి జాన్ డంటన్ ఈవిడకి పని బాగా తెలుసనీ, స్వయంగా మంచి కంపోజిటరనీ రాశాడు. అంటే కేసు (అక్షరాల గళ్ళపెట్టె) ముందు నిలబడి సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, చేతిలోని స్టిక్కులో తలకిందులుగా పేర్చే మనిషి. పేరుకి మాత్రమే యజమానురాలైతే డంటన్‌కి ఆ మాట రాయాల్సిన పనేముంది?

అపోహ: ఆడ పేరు లేదంటే ఆ పుస్తకంలో ఆడవాళ్ళ చెయ్యి లేనట్టే.

వాస్తవం: టేస్ సోల్ దగ్గరే ఇది తేలిపోతుంది. 1706లో పెళ్ళయ్యాక ఆవిడ ప్రెస్సు పుస్తకాల మీద 'జె. సోల్' అని వచ్చేది. ఆ 'జె' ఎవరో జాన్ అయ్యుంటాడని కొత్తలో నేనూ ఎక్కించాను. తర్వాత తెలిసింది, అది తల్లి జేన్ పేరు. ఒక పొడి అక్షరం వెనక ఇద్దరు ఆడవాళ్ళు!

పైగా పుస్తకమంటే కంపోజింగూ ప్రెస్సు లాగడమూ మాత్రమే కాదు. అప్పటి పాంఫ్లెట్ ఎలా తయారయ్యేదంటే, ఒక పెద్ద కాగితాన్ని రెండు మడతలు వేస్తే ఎనిమిది పేజీలు. అలాంటివి రెండు మూడు కలిపి దారంతో కుట్టేస్తే చాలు, అట్ట కూడా ఉండదు. తెనాలిలో మా పెద్దమ్మ ఇంట్లో కూర్చునే ప్రెస్సు వాళ్ళకి ఫారాలు మడిచి కుట్టి ఇచ్చేది. ఆ పుస్తకాల్లో ఆవిడ పేరు ఎక్కడుంటుంది? 1647 జనవరిలో లండన్‌లో మేరీ ఓవర్టన్‌ని పట్టుకున్నది కూడా ఇలా కాగితాలు కుడుతుండగానే. ఆమె భర్త రిచర్డ్ ఓవర్టన్ లెవెలర్. సామాన్యులకి రాజకీయ హక్కులు కావాలని పోరాడిన గుంపు అది. ఆయన అప్పటికే జైల్లో ఉన్నాడు. ఆమెను చంకలో పసిబిడ్డతో సహా బ్రైడ్‌వెల్ జైలుకి వీధుల వెంట ఈడ్చుకెళ్ళారు. తర్వాత ఆమె పేరుతో పార్లమెంటుకి వెళ్ళిన అర్జీ అచ్చయింది కాబట్టి ఈ సంగతి మనకి దక్కింది.

మా పనిలో ఉన్న చిక్కే ఇది. ఇలాంటి ఆడవాళ్ళ జాడ ఎక్కువగా దొరికేది సోదా, అరెస్టు కాగితాల్లో. పుస్తక వ్యాపారి జైల్స్ కాల్వర్ట్ (పేరు మనకి అలా వినిపిస్తుంది కానీ, నిజంగానే జైలు తప్పలేదు) 1663లో చనిపోయాక భార్య ఎలిజబెత్ ప్రభుత్వానికి గిట్టని పుస్తకాల వ్యాపారం ఆపలేదు. ఆవిడ కూడా మళ్ళీ మళ్ళీ అరెస్టయింది, 1666 మంటల్లో లండన్ తగలబడ్డాక కూడా వ్యాపారం సాగించింది. ఆవిడ గురించి మనకి ఇంత తెలుసంటే ప్రభుత్వం వెంటపడబట్టే. దొరక్కుండా తప్పించుకున్న తెలివైనవాళ్ళు ఎందరో, వాళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు.

అపోహ: రాసినా ప్రార్థనలో, వంటలో రాసుంటారు. రాజకీయాలు ఎక్కడివి?

వాస్తవం: 1649 వసంతంలో నలుగురు లెవెలర్ నాయకుల్ని లండన్ టవర్‌లో పెడితే, విడిచిపెట్టమని ఆడవాళ్ళు పార్లమెంటు గుమ్మం దగ్గరికి వెళ్ళారు. ఇది మీకు అర్థమయ్యే సంగతి కాదు, జవాబు మీ భర్తలకిచ్చాం, ఇంటికెళ్ళి ఇంటిపని చూసుకోండి అని పంపేశారు. మే నెలలో మళ్ళీ వచ్చారు, ఈసారి అచ్చేసిన అర్జీతో. దేవుడి రూపంలోనే మమ్మల్నీ సృష్టించాడు, ఈ దేశపు స్వేచ్ఛల్లో మాకూ తగిన వాటా ఉంది అన్నది అందులోని వాదన. పదేళ్ళ తర్వాత, 1659లో, చర్చికి కట్టాల్సిన పదో వంతు పన్ను వద్దంటూ ఏడు వేలకు పైగా క్వేకర్ స్త్రీల పేర్లు పార్లమెంటుకి వెళ్ళాయి. ఆ పేర్లన్నీ పుస్తకంగా అచ్చయ్యాయి. దాన్ని వేయించింది కూడా మేరీ వెస్ట్‌వుడ్ అనే ఆవిడే.

అపోహ: అంటే వీళ్ళంతా ఆనాటి విప్లవకారిణులు, స్త్రీవాదులన్నమాట.

వాస్తవం: ఎంత మాత్రం కాదు. దీనికి నాకిష్టమైన జవాబు ఎలినార్ జేమ్స్. ప్రింటర్ థామస్ జేమ్స్ భార్య. 1681 నుంచి ముప్పై అయిదేళ్ళ పాటు దాదాపు 90 కరపత్రాలూ చిన్న పుస్తకాలూ వేసింది. ఎక్కువగా ఒకే పక్క అచ్చేసిన విడి కాగితాలు, తలకట్టులోనే 'మిసెస్ జేమ్స్' అని పెద్దక్షరాలు. రాజులకీ రాణికీ పార్లమెంటుకీ లండన్ నగర పెద్దలకీ అందరికీ సలహాలే. కానీ ఆవిడ తిరుగుబాటుదారు కాదు. పక్కా రాజభక్తురాలు, ఇంగ్లండ్ చర్చి పక్షపాతి. 1689లో న్యూగేట్ జైలుకి వెళ్ళింది కూడా, జేమ్స్ రాజు బతికుండగా విలియం కిరీటం తీసుకోవడం తప్పని అచ్చేసినందుకు. అంటే మన లెక్కలో పాతకాలపు మనిషి. భర్త గురించి రాస్తూ, ఆ రాజకీయాలావిడ మొగుడిగానే ఆయన కాస్త ఎక్కువ మందికి తెలుసని డంటన్ చురక వేశాడు. ముసలితనంలో ప్రింటర్లందరికీ ఒక సలహా పత్రం కూడా వేసింది. తను నలభై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నానంటుంది, ఒకరి దగ్గర పనిచేసే కుర్రాణ్ణి ఆశపెట్టి లాక్కోవద్దంటుంది. ప్రెస్సు నడిపినవాళ్ళకి ఆ టెన్షన్ ఏమిటో చెప్పక్కర్లేదు.

ఎలిజబెత్ సెల్లియే మరో రకం. మంత్రసాని, కాథలిక్. రాజద్రోహం కేసులో 1680లో నిర్దోషిగా బయటపడి, తన కథంతా 'మాలిస్ డిఫీటెడ్' పేరుతో అచ్చేయించి ఇంటి దగ్గరే అమ్మింది. ఈసారి ఆ పుస్తకం మీదే కేసు. వెయ్యి పౌన్ల జరిమానా, మూడుసార్లు బజార్లో బొండకొయ్య దగ్గర నిలబెట్టే శిక్ష. జనం రాళ్ళు విసిరారు.

అపోహ: పేరులో ఆడవాళ్ళ అర్జీ అని ఉంటే రాసింది ఆడవాళ్ళే.

వాస్తవం: 1674లో కాఫీకి వ్యతిరేకంగా 'ఆడవాళ్ళ అర్జీ' ఒకటి వచ్చింది, కాఫీ తాగి మొగుళ్ళు దేనికీ పనికిరాకుండా పోతున్నారని. ఇంటర్నెట్‌లో దాన్ని నిజం అర్జీలా తెగ తిప్పుతారు. చదివితే మగవాళ్ళ బూతు హాస్యం వాసన కొడుతుంది. నిజమైన స్త్రీల అర్జీలు అప్పటికే జనానికి బాగా తెలుసు కాబట్టే ఈ వెక్కిరింత పండింది.

అపోహ: 1695లో పుస్తకాల లైసెన్సు చట్టం పోయింది, ఇక భయం లేదు.

వాస్తవం: ముందస్తు అనుమతి అక్కర్లేకుండా పోయింది, అచ్చయ్యాక పట్టుకోవడం పోలేదు. 1709లో 'న్యూ అటలాంటిస్' అనే వ్యంగ్య నవల రాసినందుకు డెలరివియే మాన్లీని అరెస్టు చేశారు. పాంఫ్లెట్లు టోకున కొని వీధి అమ్మకందార్లకిచ్చే 'మెర్క్యురీ' ఆడవాళ్ళూ ఇలాగే చిక్కేవారు. వాళ్ళలో ఆన్ డాడ్ పేరు నాకు మరీ తలనొప్పి. 1728లో కవి అలెగ్జాండర్ పోప్ వ్యంగ్య కావ్యం 'డన్సియాడ్' మొదట వచ్చినప్పుడు కవి పేరు లేదు, అడుగున మాత్రం 'ఎ. డాడ్' అని ఉంది. అసలు మనుషుల్ని దాచడానికి అడ్డం పెట్టిన పేరది. ఇలాంటి చోట ఆ లైన్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, తర్వాతి పుస్తకం తీస్తాను.