తడి బ్రష్‌ని తలకిందులుగా ఆరబెట్టాలి

పోయిన వానాకాలంలో ఏదో పెళ్లికని తయారవుతుంటే మా చెల్లి మొహానికి ఫౌండేషన్ క్రీమ్ అద్దుకునే మేకప్ బ్రష్ తల ఊడి ఒళ్లో పడింది. చేతిలో పిడి మిగిలింది. “నాసిరకం అంటగట్టారక్కా” అంది. ఆ రెండు ముక్కలూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. చెక్క ఉబ్బి, చివర నల్లటి మచ్చలు కట్టి ఉంది. జిగురు తెల్లగా నాని, గోరు తగిలితే రాలిపోతోంది. చెల్లి శుభ్రమైన మనిషి, బ్రష్‌లని వారం వారం షాంపూతో కడుగుతుంది. కడిగాక గ్లాసులో పూలగుత్తిలా నిలబెడుతుంది. చిక్కంతా ఆ నిలబెట్టడంలోనే వచ్చింది.

జుట్టుకీ పిడికీ మధ్య మెరిసే లోహపు గొట్టాన్ని ఫెరూల్ అంటారు. జుట్టు మొదళ్లన్నీ దాని లోపల జిగురులో పాతుకుని ఉంటాయి. తడి బ్రష్‌ని నిలబెడితే నీళ్లు కిందికి జారి అక్కడికే చేరతాయి. వెంట్రుకల మధ్య సందులు చాలా సన్నవి కాబట్టి, దీపం వత్తి నూనెను పట్టుకున్నట్టు ఆ నీటిని పట్టుకుని ఉంచుతాయి. అక్కడ గాలి ఆడదు. చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. ఉబ్బడం, ముడుచుకోవడం వారం వారం జరిగితే ఏ జిగురు మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది? వేడినీళ్లతో కడిగితే ఇంకా తొందరగా వదిలేస్తుంది.

అసలు ఏ బ్రష్ దేనికి పనికొస్తుందో తేల్చేది వెంట్రుక పైపొర. మేక వెంట్రుకైనా, ఉడుత వెంట్రుకైనా, మన తల వెంట్రుకైనా సూక్ష్మదర్శినిలో చూస్తే పెంకుటింటి కప్పులా కనిపిస్తుంది. పొలుసు మీద పొలుసు పేర్చినట్టు ఉండి, అన్నిటి అంచులూ కొస వైపే తిరిగి ఉంటాయి. మీ తల వెంట్రుకనే ఒకటి తీసి రెండు వేళ్ల మధ్య పట్టి లాగి చూడండి. మొదలు నుంచి కొసకు నున్నగా జారుతుంది, కొస నుంచి మొదలుకు గరుకుగా తగులుతుంది. పౌడర్ రేణువులు ఆ అంచుల్లో చిక్కుకుంటాయి. బుగ్గ మీద తిప్పినప్పుడు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా దిగుతాయి. అందుకే బ్లష్‌కి, లూజ్ పౌడర్‌కి మేక వెంట్రుకల బ్రష్ అంత బాగా పనిచేస్తుంది. అదే బ్రష్‌ని ఫౌండేషన్‌లో ముంచితే ఆ పొలుసులే మనకు అడ్డం తిరుగుతాయి. క్రీమంతా వాటిలో ఇరుక్కుంటుంది, వెంట్రుక కూడా తడిని పీల్చుకుంటుంది. మొహానికి చేరాల్సింది బ్రష్‌లో ఉండిపోతుంది.

నైలాన్‌కి పొలుసులు ఉండవు. అమెరికాలో డూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం దాన్ని 1935లో తయారుచేసింది. 1938లో అది మొట్టమొదట టూత్‌బ్రష్ కుచ్చుగానే జనం చేతికొచ్చింది. ఇప్పటి మేకప్ బ్రష్‌లలో నైలాన్‌తో పాటు ఒక రకం పాలిస్టర్ కూడా వాడుతున్నారు. ఆ పోగుల కొసల్ని కాస్టిక్ సోడాలో ముంచి, కరిగించి సన్నం చేస్తారు. ద్రవాలకి, క్రీములకి ఇవే సరైనవి. ఒక్క బ్రష్‌తో సరిపెట్టుకోవాలంటే నేను సింథటిక్‌దే కొనమంటాను. పౌడర్‌కీ పనికొస్తుంది, తొందరగా ఆరుతుంది, ఏ జంతువు జుట్టో అన్న బెంగ ఉండదు.

మెత్తదనానికి ఒక లెక్క ఉంది. వెంట్రుక మందం రెట్టింపైతే దాన్ని వంచడానికి 16 రెట్లు బలం కావాలి. పొడవు సగానికి తగ్గితే 8 రెట్లు కావాలి. ఉడుత వెంట్రుక మేక వెంట్రుక కన్నా సన్నం కాబట్టి అది పట్టులా ఒరుగుతుంది. పొట్టిగా, ఒత్తుగా ఉన్న బ్రష్ గట్టిగా నిలబడి క్రీముని అద్దుతుంది. పొడుగ్గా, పలచగా ఉన్నది పౌడర్‌ని పొగమంచులా వదులుతుంది. పిడిని ఎక్కడ పట్టుకున్నామన్నదీ ముఖ్యమే. చివర పట్టుకుంటే చెయ్యి తేలికవుతుంది, ఫెరూల్ దగ్గర పట్టుకుంటే ఒత్తిడి పెరిగి చారలు పడతాయి.

జపాన్‌లో హిరోషిమా దగ్గర కుమానో అనే చిన్న ఊరు ఉంది. రాత కుంచెలతో మొదలుపెట్టి ఇప్పుడు మేకప్ బ్రష్‌లకి పేరుపడింది. 2011లో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన తమ జట్టుకి జపాన్ ప్రభుత్వం సత్కారంతో పాటు ఇచ్చిన కానుక కుమానో మేకప్ బ్రష్‌లే. అక్కడి మంచి పనివాళ్లు కుచ్చు ఆకారం కోసం కొసల్ని కత్తెరతో కత్తిరించరు. చెక్క అచ్చులో వెంట్రుకల్ని కొస కిందికి వేసి, తట్టి సర్దుతారు. పుట్టుకతో వచ్చిన సన్నటి కొస అలాగే ఉంటుంది. కత్తిరించిన కొస మొద్దుబారి గుచ్చుకుంటుంది. కొనేటప్పుడు బ్రష్‌ని మణికట్టు లోపలి వైపు తిప్పి చూస్తే ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఒకసారి మెల్లగా లాగి కూడా చూడండి. ఒకటీ అరా వెంట్రుక వస్తే పర్లేదు, గుంపుగా వస్తే వద్దు.

ఇక శుభ్రత. ఇంగ్లండ్‌లోని ఆస్టన్ యూనివర్సిటీ వాళ్లు జనం వాడేసిన 467 మేకప్ వస్తువుల్ని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. లిప్‌స్టిక్, ఐలైనర్, మస్కారా లాంటివాటితో పాటు మేకప్ అద్దుకునే స్పాంజ్‌లు కూడా అందులో ఉన్నాయి. 79 నుంచి 90 శాతం దాకా వస్తువుల్లో బ్యాక్టీరియా దొరికింది. అన్నిటికన్నా అధ్వానంగా తేలినవి స్పాంజ్‌లు. వాటిలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివే. ఆ జాబితాలో బ్రష్‌లు లేవు గానీ చర్మపు జిడ్డు, తడి, మేకప్ కలిసి పేరుకోవడం ఇక్కడా అంతే. అమెరికా చర్మ వైద్యుల సంఘం 7 నుంచి 10 రోజులకోసారి బ్రష్‌లు కడగమంటుంది. మొటిమలు ఉన్నవాళ్లు ఇంకొంచెం తరచుగా కడిగితే మంచిదని నా అభిప్రాయం. ఒకరి కంటి బ్రష్ ఇంకొకరు మాత్రం వాడొద్దు, అక్కాచెల్లెళ్లయినా సరే.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క తేలికపాటి షాంపూ చాలు. ఒంటి సబ్బు క్షారం కాబట్టి పొలుసుల్ని పైకి లేపుతుంది, జుట్టు బిరుసెక్కుతుంది. కుంకుడు రసం కూడా జిడ్డు వదిలిస్తుంది గానీ, చిన్నప్పుడు తలంట్లలో కళ్లు మండిన సంగతి గుర్తున్నవాళ్లెవరూ ఐషాడో బ్రష్‌కి దాన్ని వాడరు. బ్రష్‌ కొసను కిందికి ఉంచి, కుచ్చు వరకే తడపాలి. అరచేతిలో మెల్లగా తిప్పుతుంటే మొదట బిస్కెట్ రంగు నురగ వస్తుంది, తర్వాత పాలరంగు, చివరికి తెలుపు. తెలుపు వచ్చేదాకా ఆపొద్దు. కొస నుంచి మొదలు వైపు ఎదురు రుద్దితే పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. గొర్రె ఉన్ని తడిసి అట్టకట్టేది అలాగే.

తర్వాత పొడి తువ్వాలులో ఒత్తి, వేళ్లతో ఆకారం సర్ది, తలకిందులుగా వేలాడదీయాలి. వత్తి కొస వెలిగేకొద్దీ నూనె పైకి ఎక్కినట్టు, బ్రష్ కొస ఆరేకొద్దీ లోపలి తడి కొసకు దిగి వస్తుంది. వేలాడదీయడం కుదరకపోతే బల్ల అంచున, కుచ్చు గాల్లో ఉండేట్టు పడుకోబెట్టినా చాలు. విశాఖలోనో కాకినాడలోనో వానల రోజుల్లో రాత్రంతా పెట్టినా ఒత్తయిన బ్రష్ ఆరకపోవచ్చు. అప్పుడు ఫ్యాన్ కింద పెట్టాలి, హెయిర్ డ్రయ్యర్ వేడి మాత్రం తగలనివ్వొద్దు.

మా చెల్లి ఇప్పుడు బాల్కనీ తీగకి బట్టల క్లిప్పులతో ఏడు బ్రష్‌లూ తల కిందికి వేలాడేస్తుంది. తీసే ముందు ఒక్కోదాన్నీ కుచ్చు విడదీసి, మొదలు దగ్గర పెదవికి ఆనించి చూస్తుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది కదా, చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. దాన్ని మళ్లీ క్లిప్పుకి తగిలిస్తుంది.