రెండో రోజుకే ఆగిపోయే తెరలు

న్యూ మీడియా ఆర్ట్ (కంప్యూటర్లు, తెరలు, ఎలక్ట్రానిక్ పరికరాలతో చేసే కళ) ఫెస్టివల్‌కి వెళ్తే ఏదో ఒక తెర పక్కన "పనిచేయడం లేదు" అన్న కాగితం కనిపిస్తుంది, అదీ రెండో రోజుకే. నిర్వాహకుల్ని తిట్టుకుంటాం గానీ ఈ జబ్బు వాళ్లతో మొదలైంది కాదు.

1966 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో '9 ఈవెనింగ్స్' అనే ప్రదర్శనల వరుస జరిగింది, కళనీ ఇంజినీరింగ్‌నీ కలిపి. అసలు స్టాక్‌హోమ్‌లో అనుకున్నారు, అక్కడ మాటలు కుదరలేదు. బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ ఇంజినీర్ బిల్లీ క్లూవర్, చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ కలిసి 10 మంది కళాకారుల్ని, సుమారు 30 మంది ఇంజినీర్లని ఒకచోట చేర్చారు. రౌషెన్‌బర్గ్ ప్రదర్శనలో టెన్నిస్ రాకెట్లకి మైకులు బిగించారు. బంతి తగిలినప్పుడల్లా చప్పుడు హాలంతా మోగేది, ఒక్కో దీపం ఆరిపోయేది, చివరికి చిమ్మచీకట్లో నిలబడ్డ వందల మందిని ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు తెర మీద చూపించేవి. ఇప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. నెలల తరబడి తయారయ్యారు, అయినా పరికరాలు మొరాయించాయి, ప్రదర్శనలు ఆలస్యమయ్యాయి, విమర్శకులు ఏకిపారేశారు.

అదే బృందంలోంచి పుట్టిన ఈ.ఏ.టీ. (ఎక్స్‌పెరిమెంట్స్ ఇన్ ఆర్ట్ అండ్ టెక్నాలజీ) సంస్థ 1970లో జపాన్‌లోని ఒసాకా ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శనలో పెప్సీ కంపెనీ కోసం పెవిలియన్ (ప్రదర్శనశాల) కట్టింది. జపాన్ కళాకారిణి ఫుజికో నకయా దాన్ని నిజమైన పొగమంచుతో కప్పేశారు. కట్టడానికి డబ్బు దొరికింది కానీ రోజూ నడపడానికి అయ్యే ఖర్చు దగ్గర కంపెనీతో పేచీ వచ్చి, ఎక్స్‌పో ముగియకముందే కళాకారుల బృందం బయటికి రావాల్సి వచ్చింది. నన్నడిగితే మొత్తం కథ ఇక్కడే ఉంది.

1979లో ఆస్ట్రియాలోని లింజ్‌లో ఆర్స్ ఎలెక్ట్రానికా అనే న్యూ మీడియా ఆర్ట్ ఫెస్టివల్ మొదలైంది, బ్రూక్‌నర్ సంగీతోత్సవాన్నీ స్థానిక ప్రసార సంస్థనీ ఆసరా చేసుకుని. 1987 నుంచి ఏటా బహుమతులు, 1996లో సొంత భవనం, అందులోనే ఏడాది పొడవునా పనిచేసే ల్యాబ్. అంటే ఫెస్టివల్ అయిపోయాక కూడా స్క్రూడ్రైవర్ పట్టుకునే మనుషులు అక్కడే ఉంటారన్నమాట.

ఆ సౌకర్యం చిన్న ఫెస్టివల్స్‌కి ఎక్కడిది? వాటి బడ్జెట్‌లో ప్రొజెక్టర్ అద్దె ఉంటుంది, పోస్టర్లుంటాయి, ఓపెనింగ్ రాత్రి పార్టీ కూడా ఉంటుంది. ఐదో రోజు కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ మొదలుపెట్టి తెర నల్లబడితే వచ్చి చూసే టెక్నీషియన్ జీతం మాత్రం ఉండదు. ఆ పని కళాకారుడి నెత్తిన పడుతుంది, అదీ ఆయన ఇంకా ఊళ్లో ఉంటే.