యానాదుల కూటికి కరోనా కన్నా ముందే పడిన గండి

2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం నిలిచిపోయింది. ఐదు రోజులకు దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. తిరుపతిలో మూతపడిన హోటళ్ల గురించీ, శ్రీకాళహస్తిలో పెరుగుతున్న కేసుల గురించీ అప్పట్లో చాలానే చర్చ జరిగింది గానీ, అదే శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట ప్రాంతాల్లో చెరువు కట్టల పక్కన, కాలువ గట్ల మీద బతికే యానాది గిరిజనుల పొయ్యి గురించి మాట్లాడినవారు తక్కువ. కూలి ఆగిన వారంలోనే ఆ ఇళ్లలో తిండికి ఇబ్బంది ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే కరోనాను కాసేపు పక్కనబెట్టి, దాదాపు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

యానాదులు ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద గిరిజన తెగల్లో ఒకరు. 2011 జనాభా లెక్కల ప్రకారం వారి సంఖ్య ఐదు లక్షలకు పైనే. వారి సంప్రదాయ ఆహారం ఒక్క పంట మీదో, ఒక్క కాలం మీదో ఆధారపడింది కాదు. చెరువులో నీళ్లు తగ్గే కాలంలో కొర్రమీను, జెల్ల. వానలు పడ్డాక పొలం గట్ల మీద ఎండ్రకాయలు, నత్తలు. అడవిలో గడ్డలు, తేనె, ఈతపళ్లు, కలివికాయలు. గట్ల మీద పొన్నగంటి కూర, చెంచలి కూర. పులికాట్ సరస్సులోనైతే మోకాలి లోతు నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలు పట్టే నేర్పు వారి స్త్రీలది. వరి కోతలయ్యాక ఎలుక బొరియలకు కుండతో పొగబెట్టి ఎలుకలను పట్టడం, బొరియల్లో దాచిన వడ్లను తవ్వి తీసుకోవడం మరొక ఆధారం. ఆ పని రైతుకు పంటను కాపాడేది, యానాదికి మాంసమూ గింజా ఇచ్చేది. ఒకటి దొరకని నెలలో మరొకటి దొరికే ఈ అమరికే వారి అసలైన ధాన్యాగారమని నా అభిప్రాయం.

ఆ అమరిక ఒక్కసారిగా కూలలేదు. శ్రీహరికోట దీవి 1835లో ప్రభుత్వం చేతికి వచ్చాక, అక్కడి యానాదులు సేకరించే తేనె, కుంకుడుకాయలు, మందుల్లో వాడే ముష్టి చెట్టు గింజలు, సుగంధిపాల వేర్లు ప్రభుత్వ సరుకుగా మారాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ప్రెసిడెన్సీ అంతటా రిజర్వు అడవులకు హద్దులు గీసింది. కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులుగా జాబితాకెక్కించే నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించాక యానాదుల్లో కొందరిని కూడా ఆ జాబితాలో చేర్చడంతో, తిండి కోసం ఊరూరా తిరగడమే అనుమానానికి కారణమైంది. చట్టం 1952లో రద్దయినా ఆ అనుమానం మాత్రం చాలాకాలం పోలేదు. 1969లో రాకెట్ ప్రయోగ కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేశాక అక్కడి యానాది కుటుంబాలను దీవి దాటించారు. దేశం గర్వించే ఆ కేంద్రం చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పడం న్యాయం.

ఆ తరువాతి దశాబ్దాల్లో ఊరి చెరువుల్లో చేపల పెంపకం వేలంపాటల చేతికి పోయింది, తీరం వెంట రొయ్యల గుంటలు లేచాయి, పొలాల్లో ఎలుకల మందు వచ్చింది. నీళ్లు అక్కడే ఉన్నాయి, చేపలూ ఉన్నాయి. పట్టుకునే హక్కు మాత్రం పాట పాడుకున్నవారిదైంది. దాంతో యానాదులు ఇటుక బట్టీలకు, మామిడి తోటల కాపలాకు, సరుగుడు, జామాయిల్ నరికే పనులకు మళ్లారు. బట్టీల్లో ముందుగా తీసుకున్న అడ్వాన్సు అప్పుగా మారి కుటుంబాలను అక్కడే కట్టిపడేయడమూ కొత్త కాదు. తినే తిండి కూలి డబ్బుతో కొనేదీ, రేషన్ షాపులో తెచ్చుకునేదీ అయింది.

2020లో ఈ రెండు ఆధారాల్లో ఒకటి ఒక్కసారిగా పోయింది, రెండోది అందరికీ అందలేదు. కూలి పూర్తిగా ఆగింది. ఏప్రిల్ నుంచి కేంద్రం మనిషికి 5 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది, బియ్యం కార్డున్న కుటుంబానికి రాష్ట్రం 1,000 రూపాయలు ఇచ్చింది. ఆ సాయం ఎందరి ప్రాణాలో నిలబెట్టిందన్నది కాదనలేం. అయితే ఆధార్ గానీ, బియ్యం కార్డు గానీ లేని కుటుంబాలకు, కార్డు ఒక ఊళ్లో ఉండి మనుషులు మరో ఊరి బట్టీలో చిక్కుకున్నవారికి అది అందడం కష్టమైంది. పైగా బియ్యం కడుపు నింపుతాయే గానీ చేప, ఎండ్రకాయ, ఆకుకూర ఇచ్చిన బలం ఇవ్వలేవు. అడవి వైపు వెళదామంటే, ఏప్రిల్ మొదట్లో కేంద్ర పర్యావరణ శాఖ జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో మనుషుల రాకపోకలను తగ్గించాలని రాష్ట్రాలకు సూచించింది. గిరిజనుల అటవీ ఫలసాయ సేకరణకు లాక్‌డౌన్ నుంచి మినహాయింపు ఏప్రిల్ 16న గానీ రాలేదు.

ఇంత జరిగినా, చేరువలో వాగు గానీ పొదల అడవి గానీ మిగిలి ఉన్నచోట పాత విద్య అక్కరకు వచ్చింది. ఏ గడ్డను ఎన్నిసార్లు ఉడకబెట్టాలో, ఏ మడుగులో ఎప్పుడు చేప ఉంటుందో తెలిసిన పెద్దవాళ్లు ఆ ఇళ్లకు కొండంత అండ. బట్టీల్లోనే పుట్టి పెరిగిన పిల్లలకు ఆ విద్య అందే అవకాశం బాగా తక్కువ, ఎందుకంటే అది చెరువు దగ్గరా అడవి దగ్గరా ఉంటూ నేర్చుకునేదే తప్ప చెబితే వచ్చేది కాదు.

2006 అటవీ హక్కుల చట్టం చేపల మీద, ఇతర నీటి ఉత్పత్తుల మీద కూడా సముదాయ హక్కును గుర్తిస్తుంది. కానీ ఆ హక్కు అటవీ భూమికే పరిమితం. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కింద చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ప్రకటించిన ప్రాంతం కూడా ఏదీ లేదు. యానాదుల కాలనీలు ఎక్కువగా మైదానంలోనే, రెవెన్యూ గ్రామాల అంచుల్లోనే ఉన్నాయి. అందువల్ల తమ గుడిసె ముందున్న చెరువులో చేప పట్టుకోవడానికి వారికి ఆ చట్టం అక్కరకు రాదు. ఆ చేపల మీద హక్కు ఇప్పటికీ వేలంలోనే తేలుతోంది.