‘స్క్రైబస్‌లో తెలుగు రాదు’ అన్న మాట వయసెంత?

హనుమకొండలో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ కొట్లలో స్క్రైబస్ (పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్) పేరెత్తితే ‘అందులో తెలుగు రాదు’ అనే జవాబు ఇప్పటికీ వినబడుతుంది. అది అబద్ధం కాదు, పాతబడ్డ నిజం. 1.4 వరుస స్క్రైబస్‌కు అక్షరాల్ని పక్కపక్కన పేర్చడమే తెలుసు. ‘రాష్ట్రం’ అని కొడితే వత్తులు కిందికి దిగక, పొల్లులతో విడివిడిగా నిలబడేవి. 2017లో 1.5.3 వెర్షన్‌తో, అక్షరాల్ని కలిపి సరైన రూపంలో కూర్చే హార్ఫ్‌బజ్ అనే భాగం చేరాక ఆ తిప్పలు తీరాయి. అయితే 1.5 ప్రయోగాత్మక వరుస. ధైర్యంగా పనికి పెట్టుకోదగ్గ 1.6 వచ్చేసరికి 2024 జనవరి అయింది. వెర్షన్ సంఖ్య వేయని పాత సమీక్ష ఒక్కటి చదివినవాడికి ఇదంతా తెలిసే దారే లేదు.

ఇలా పాతబడటం, స్వచ్ఛందంగా రాసే సాఫ్ట్‌వేర్ సమీక్షలన్నిటికీ ఉన్న జబ్బే. 1997లో మొదలైన ఫ్రెష్‌మీట్ అనే వెబ్‌సైట్‌లో ఏ ప్రోగ్రాం కొత్త వెర్షన్ వచ్చినా కబురు పడేది, వాడినవాళ్ళు మార్కులు వేసేవారు. 2011లో ఫ్రీకోడ్‌గా పేరు మారింది, 2014 జూన్ 18న కొత్తవి చేర్చడం ఆపేశారు. డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) వాడుకరులు ‘రోజుకో ప్యాకేజీ’, అంటే రోజుకో ప్రోగ్రాం, అంటూ సమీక్షలు రాసుకున్నారు. పేరులో ఉన్న ఆ వేగం నిలవలేదు, వారానికి ఒకటి రెండుకు దిగి ఆఖరికి ఆగింది. జీతం లేని పనికి రోజువారీ గడువు పెట్టడం అత్యాశే. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నడిపే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల జాబితా ‘డైరెక్టరీ’ మాత్రం నెట్టుకొస్తోంది. అక్కడ శుక్రవారం శుక్రవారం ఒక వేళకు వలంటీర్లు చాట్‌లో కలిసి, ఉన్న పేజీల లైసెన్సు, వెర్షన్ సరిచూస్తారు. కొత్తది రాయడం ఎంతో, పాతది దిద్దడమూ అంతే పని అక్కడ.

తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ బృందం 2005లో చేసిన పనితో మెనూలు తెలుగులో కనిపించసాగాయి. కొట్టువాడి ఇబ్బంది అది కాదు. అతని పాత ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ-కూర్పు సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. 2015 నాటి ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ 4.4 నుంచి ఆ ఫైళ్ళు తెరుచుకుంటాయని రాస్తే మాట నిజమే, పని మాత్రం కాదు. అను తెలుగు ముక్కల్ని రోమన్ అక్షరాల కోడ్ మీద కూర్చింది కాబట్టి, ఆ ఫాంటు లేని మిషన్‌లో శుభలేఖ మొత్తం పిచ్చిగీతల్లా కనబడుతుంది. ముందు యూనికోడ్‌లోకి (ఏ మిషన్‌లోనైనా ఒకేలా చదవగల అక్షర కోడ్‌లోకి) మార్చుకోవాలి, మార్చాక వత్తులు, అంకెలు, విరామ చిహ్నాలు ఒక్కొక్కటి చూసుకోవాలి. నిట్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో చదివే కుర్రాడికి సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినా, ఈ మెలిక కొట్టులో కూర్చుంటేనే తెలుస్తుంది. అందుకే ఇక్కడివాళ్ళ కోసం తెలుగులో ఇలాంటి సమీక్షలు రాయదలిస్తే ఒక్కో సమీక్షకు ఇద్దరు కావాలి. ఒకరు రాయాలి, ఆ పనితో పొట్టపోసుకునే మరొకరు వేరే మిషన్‌లో అదే పని చేసి చూడాలి.

సమీక్ష పైన ఆరు సంగతులుండాలి: వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ర్యామ్, ఎక్కడి నుంచి ఎక్కించారు, లైసెన్సు, పరీక్షించిన తేదీ. నాలుగు జీబీ ర్యామ్ మిషన్‌లో పరీక్షించడం మేలు, పదహారు జీబీలో అన్నీ బాగానే నడుస్తాయి మరి. పరీక్షకు అందరూ ఒకే ఫైలు వాడాలి. రెండు పేజీలు చాలు: ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు, ఒక పట్టిక, ఒక బొమ్మ. ఫాంటు పోతన2000 అయితే ఉచితం, అందరి దగ్గరా ఒకటే ఉంటుంది (బమ్మెర ఇక్కడికి దగ్గరే కదా, ఆ పేరు మనవాళ్ళకు కొత్త కాదు). పీడీఎఫ్ చేసి, అందులోంచి ఒక పేరా కాపీ చేసి మళ్ళీ అతికించి చూడాలి. తెరమీద ముత్యాల్లా ఉన్న తెలుగు సగంసార్లు ఇక్కడే చెదురుతుంది.

రాసినవాళ్ళు సమీక్షను క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ లైసెన్సు (రాసినవారి పేరు చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా దిద్ది పంచుకోవచ్చు) కింద ఇవ్వాలని ముందే ఒప్పించాలి. లేదంటే వాళ్ళు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్ళాక, ఆ సమీక్షను దిద్దే హక్కు ఇంకెవరికీ ఉండదు. ఆరు నెలలు దాటినా, పెద్ద వెర్షన్ మారినా, పైన ‘పాతది’ అని ఎర్రగా ముద్ర పడాలి. తీసేయకూడదు, స్క్రైబస్ 1.4 ఇంకా నడుపుతున్న మిషన్లున్నాయి.

ఒక చిన్న తిరకాసు మిగిలింది. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత కంటికి కనబడని ఒక విభజన గుర్తు ఉంటుంది. అది పెట్టనివాళ్ళు రాస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. రెండూ కంప్యూటర్‌కు వేర్వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. సమీక్షలు పోగవకముందే శీర్షికల్లో ఏ రూపం వాడాలో తేల్చుకోవాలి. రెండొందలు చేరాక దిద్దాలంటే రెండొందలూ తెరవాల్సిందే.