ఆరు స్క్రీన్లే కదా, ఎంతవుతుంది? యాప్ బడ్జెట్‌పై అపోహలు - వాస్తవాలు

"యాప్ చేయించాలండీ, సుమారుగా ఎంతవుతుంది?" ఫోన్‌లో పలకరింపులు పూర్తి కాకముందే వచ్చే ప్రశ్న ఇది. యాప్‌లకు ఎస్టిమేట్లు వేయడం నా పని. మొదట్లో కోడ్ రాసేవాడిని. ఇప్పుడు రాయడం తగ్గింది, లెక్కలు కట్టడం పెరిగింది. ఆ లెక్కల్లో చాలాసార్లు బోల్తా పడ్డాను, కొన్ని తప్పులకు నా జేబులోంచే కట్టాను. తెలిసొచ్చిందేమిటంటే, కంటికి కనిపించే స్క్రీన్ల దగ్గర కన్నా "అలా జరగకపోతే ఏం చేయాలి?" అన్న ప్రశ్నల దగ్గరే డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది. నాకు రోజూ వినిపించే అపోహల్లో చాలావాటికి మూలం ఇదే.

అపోహ: స్క్రీన్లు లెక్కపెడితే ఖర్చు తెలిసిపోతుంది

లాగిన్ స్క్రీన్ తీసుకుందాం. కాగితం మీద గీస్తే ఒక డబ్బా, ఒక బటన్. నంబర్ కొడితే ఓటీపీ వస్తుంది, అది కొడితే లోపలికి వెళ్తాం. అంతే కదా అనిపిస్తుంది.

మరి ఓటీపీ రాకపోతే? మళ్ళీ పంపమనే బటన్ ఎన్ని సెకన్లకు వెలగాలి? రెండోది వచ్చాక మొదటిది చెల్లుతుందా? ఎన్నిసార్లు తప్పు కొడితే ఆపాలి, ఎంతసేపు ఆపాలి? మెసేజ్ చూసుకోవడానికి యాప్ వదిలి వెళ్ళిన మనిషి తిరిగొస్తే అదే స్క్రీన్ ఉంటుందా, కథ మొదటికొస్తుందా? నంబర్ మార్చుకున్నవాళ్ళ పాత ఖాతా ఏం కావాలి? వదిలేసిన నంబర్‌ను టెలికాం కంపెనీ కొన్నాళ్ళకు ఇంకొకరికి ఇస్తుంది. ఆ కొత్త మనిషి లాగిన్ అయితే పాతవాళ్ళ వివరాలన్నీ ముందు పరుచుకుంటాయి, దానికేం చేద్దాం? ఎవరో ప్రోగ్రాం పెట్టి రాత్రికి రాత్రి వేల ఓటీపీలు అడిగితే ఎస్సెమ్మెస్ బిల్లు ఎవరు కడతారు? ఇదేదో భయపెట్టడానికి చెబుతున్నది కాదు, ఈ మోసానికి ఎస్సెమ్మెస్ పంపింగ్ అని పేరు కూడా ఉంది.

ఇంకో సంగతి. ఖాతా తెరవనిచ్చే ఏ యాప్ అయినా, దాన్ని యాప్‌లోంచే తీసేసుకునే దారి కూడా చూపాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి తప్పనిసరి చేసింది. ఇప్పుడు గూగుల్ కూడా అదే అడుగుతోంది. అంటే లాగిన్ రాసినప్పుడే ఖాతా తొలగింపు కూడా రాయాలి. తొలగించినప్పుడు ఏ డేటా పోవాలి, ఏ బిల్లు రికార్డు ఉండాలి అన్నది మళ్ళీ ఒక మీటింగ్.

ఒకప్పుడు లాగిన్‌కు రెండు రోజులు అని రాసేవాడిని. ఇప్పుడు ఎనిమిది రాస్తున్నాను, అదీ పై ప్రశ్నలకు జవాబులు చేతికొచ్చాకే. అదే యాప్‌లో "మా గురించి" అనే స్క్రీన్‌కు పూట చాలు. రెండూ స్క్రీన్లే మరి.

అసలు కనిపించని స్క్రీన్లు ఇంకా ఉంటాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్ యాప్ అనుకోండి. రేపు డాక్టరు సెలవని ఎవరు, ఎక్కడ నొక్కుతారు? అప్పటికే బుక్ చేసుకున్న పదిమందికి కబురెలా వెళ్తుంది? చివరి స్లాట్‌ను ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఎవరికి దక్కాలి? ఇదంతా అడ్మిన్ ప్యానెల్ (నిర్వాహకులు వాడే స్క్రీన్లు), సర్వర్ పని. క్లయింట్ తెచ్చిన బొమ్మల్లో ఇవి ఎప్పుడూ ఉండవు. "ఫలానా క్యాబ్ యాప్ లాంటిదే చేసిపెట్టండి" అన్నప్పుడూ ఇదే ఇబ్బంది. మనం చూసేది ప్రయాణికుడి యాప్ ఒక్కటే. డ్రైవర్ చేతిలో ఇంకో యాప్, ఆఫీసులో ఫిర్యాదులు, చెల్లింపులు చూసుకునే ఇంకో సిస్టమ్ ఉంటాయి. మూడూ కలిస్తేనే అది నడుస్తుంది.

అపోహ: మొదటి రోజు చెప్పిన అంకె మీదే నిలబడాలి

నిలబడగలిగితే బాగుండును! పని స్వరూపం తేలకముందు వేసిన అంచనా నాలుగో వంతు నుంచి నాలుగు రెట్ల వరకు ఎటైనా తప్పవచ్చని సాఫ్ట్‌వేర్ ఖర్చుల లెక్కలపై పరిశోధించిన బారీ బోహ్మ్ 1981లోనే చెప్పారు. పరికరాలు మారినా, ఈ విషయంలో నాకు పెద్ద తేడా కనబడలేదు.

నా తప్పే చెబుతాను. ఒక అపాయింట్‌మెంట్ యాప్‌కు ఫిక్స్‌డ్ ధర మాట్లాడుకున్నాం. రెండు నెలల పని అయ్యాక డెమోలో క్లయింట్ వాళ్ళ అమ్మాయి ఫోన్ తీసుకుని, "మా అమ్మమ్మకు ఎలా బుక్ చేయాలి?" అని అడిగింది. అమ్మమ్మకు స్మార్ట్‌ఫోన్ లేదు. మా డేటాబేస్‌లో ఒక ఫోన్ నంబరంటే ఒక పేషెంటు. ఒకే నంబర్ కింద కుటుంబం మొత్తం ఉంటుందన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. పేషెంట్ల టేబుల్, పాత రిపోర్టులు, రిమైండర్లు, అడ్మిన్‌లో వెతికే పద్ధతి, అన్నీ విప్పి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. మూడు వారాలు పోయాయి. ఆ ప్రశ్న మొదటి వారంలో వచ్చి ఉంటే ఒక గంట చర్చతో పోయేది. ఎవరు కట్టాలన్న దగ్గర కాస్త టెన్షన్ పడ్డాం, చివరికి చెరి సగం అనుకున్నాం.

అప్పటినుంచి ముందు రెండు వారాల చిన్న పనికి విడిగా డబ్బు తీసుకుంటున్నాను. వాడబోయేవాళ్ళతో మాట్లాడటం, స్క్రీన్ల మధ్య దారులు గీయడం, తేలని ప్రశ్నలన్నీ ఒకచోట రాయడం, అంతే. అది అయ్యాక కూడా ఒకే అంకె ఇవ్వను. ఇంత నుంచి ఇంత మధ్య అని చెబుతాను. ఏమీ అడక్కుండానే మొదటి ఫోన్‌కాల్‌లో ఖచ్చితమైన ధర చెప్పేవాళ్ళు రెండు రకాలు: భయంతో ముందే బాగా కలిపి చెప్పేవాళ్ళు, తర్వాత "ఇది అందులో లేదండీ" అంటూ ఒక్కొక్కటిగా వడ్డించేవాళ్ళు. రెండో రకంతోనే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అపోహ: ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ చేస్తే ఖర్చు సగం

ఒకసారి రాసిన కోడ్‌ను రెండు రకాల ఫోన్లలోనూ నడిపించే సాధనాలున్నాయి: రియాక్ట్ నేటివ్ 2015లో, ఫ్లట్టర్ మొదటి పూర్తి వెర్షన్ 2018 డిసెంబర్‌లో వచ్చాయి. నేనూ ఎక్కువగా వీటినే సూచిస్తాను. అయితే ఆదా అయ్యేది ఫోన్‌లో నడిచే భాగం వరకే. ఒక ప్లాట్‌ఫామ్‌కు మొత్తం ఖర్చు 100 అనుకుందాం. అందులో సర్వర్, అడ్మిన్ 35, డిజైన్ 15, టెస్టింగ్ 15, ఫోన్ యాప్ 35. రెండో ప్లాట్‌ఫామ్‌కు విడిగా రాస్తే ఇంకో 35, దాని టెస్టింగ్ కొంత, కలిపి 145 దాకా పోతుంది. ఒకే కోడ్ అయితే 115 దగ్గర ఆగుతుంది. మంచి ఆదానే, కానీ సగం కాదు. బ్లూటూత్ పరికరాలు, బ్యాక్‌గ్రౌండ్‌లో లొకేషన్ వంటివి ఉంటే ఈ తేడా ఇంకా కరిగిపోతుంది.

అపోహ: ఇప్పుడు ఏఐ రాసేస్తుంది కదా

రాస్తుంది, నేనూ రోజూ వాడుతున్నాను. కోడ్ టైపు చేసే సమయం నిజంగానే తగ్గింది. అమ్మమ్మ ప్రశ్న మాత్రం అది అడగలేదు. చెప్పింది చెప్పినట్టు చకచకా కట్టేస్తుంది కాబట్టి, తప్పు చెబితే తప్పు కూడా అంతే చకచకా తయారవుతుంది.

అపోహ: స్టోర్ ఫీజు కడితే యాప్ పెట్టేయొచ్చు

ఫీజులు చిన్నవే. గూగుల్ ప్లేలో ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు. చాలామంది బడ్జెట్‌లో రాసుకునేది ఇక్కడితో ఆగుతుంది.

అసలు లెక్క కమిషన్‌ది. యాప్ లోపల డిజిటల్ సరుకు అమ్మితే, అంటే వీడియో పాఠాలు, ప్రీమియం ఫీచర్లు వంటివైతే, స్టోర్ వాటా సాధారణంగా 15 నుంచి 30 శాతం. ఏడాదికి పది లక్షల డాలర్లలోపు వచ్చే చిన్న డెవలపర్లకు ఆపిల్ 2021 జనవరి నుంచి 15 శాతం చేసింది, దరఖాస్తు పెట్టుకోవాలి. గూగుల్ అదే ఏడాది జూలై నుంచి మొదటి పది లక్షల డాలర్ల మీద 15 శాతం పద్ధతి తెచ్చింది. వస్తువులు, నేరుగా వెళ్ళి పొందే సేవల మీద ఈ వాటా లేదు, అక్కడ మామూలు పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటాం. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళి కట్టే ఫీజు ఒక లెక్క, ఆ డాక్టరే రికార్డు చేసిన డైట్ కోర్సు ఇంకో లెక్క. ఈ తేడా తెలియక కోర్సు ధర నిర్ణయించేసి, తర్వాత తలపట్టుకున్నవాళ్ళను చూశాను. బయట చెల్లింపుల నిబంధనలు దేశాన్ని బట్టి మారుతున్నాయి, కాబట్టి ధర పెట్టేముందు ఆ వారం నాటి నియమాలు చదవాల్సిందే.

డబ్బుతో పాటు రోజులూ పోతాయి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతా అయితే, యాప్ అందరికీ విడుదల చేసేముందు 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్, అంటే మనం ఎంచుకున్నవాళ్ళకే యాప్ ఇచ్చి చేసే పరీక్ష, నడపాలి (మొదట 20 మంది అన్నారు, తర్వాత తగ్గించారు). సంస్థ పేరు మీద ఖాతా కావాలంటే డన్స్ (D-U-N-S) అనే, సంస్థలకిచ్చే గుర్తింపు నంబర్ ఉండాలి. లాంచ్ తేదీ ముందే ప్రకటించి ఇవి తర్వాత చూద్దాంలే అనుకుంటే, టీమ్ ఖాళీగా కూర్చున్న రోజులకు కూడా జీతం పడుతుంది.

అపోహ: సర్వర్ ఖర్చేముంది, మొదట్లో అంతా ఫ్రీ

ఉచిత కోటాను మనుషుల్లోకి మార్చి చూసుకోవాలి. గూగుల్ వారి ఆన్‌లైన్ డేటాబేస్ ఫైర్‌స్టోర్‌లో రోజుకు 50,000 రీడ్‌లు (డేటా చదవడాలు) ఉచితం. పెద్ద అంకెలాగే ఉంది. మన యాప్ తెరవగానే 40 మంది డాక్టర్ల జాబితా వస్తుందనుకోండి. ఒక్కో డాక్టరు వివరం ఒక రీడ్, కాబట్టి యాప్ ఒక్కసారి తెరిస్తే 40. ఆ లెక్కన 1,250 సార్లు తెరిస్తే కోటా అయిపోయింది. మనిషి రోజుకు ఐదుసార్లు తెరిస్తే 250 మంది! ఉచిత ప్లాన్‌లో అయితే ఆ రోజుకు యాప్‌లో జాబితా రాదు, డబ్బు కట్టే ప్లాన్‌లో అయితే మీటరు తిరగడం మొదలవుతుంది. ఇందులో నయం ఏమిటంటే, జాబితాను ఫోన్‌లో కాసేపు దాచుకునేలా రాస్తే రీడ్‌లు అమాంతం పడిపోతాయి. పూట పని. లెక్క వేసి చూసినవాళ్ళకే ఆ పూట పని గుర్తొస్తుంది.

అపోహ: లాంచ్ అయితే ఖర్చు అయిపోయినట్టే

ముందుంది ముసళ్ళ పండుగ. యాప్‌ను ముట్టుకోకుండా వదిలేసినా దాని చుట్టూ ప్రపంచం ఆగదు. ప్లే స్టోర్ ఏటా గడువు పెడుతుంది. 2025 ఆగస్టు 31 తర్వాత పెట్టే కొత్త యాప్‌లు, అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 15ను దృష్టిలో పెట్టుకుని తయారవ్వాలన్నారు. ఆపిల్ 2025 ఏప్రిల్ 24 నుంచి తన యాప్ తయారీ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ 16తో బిల్డ్ చేస్తేనే తీసుకుంటామంది. చిన్న బగ్ సరిచేసి పంపుదామని కూర్చుంటే, ముందు ఇవన్నీ పూర్తి చేయాలి. ఒక్క అక్షరం మార్చడానికి నాలుగు రోజులు బిల్లేస్తే క్లయింట్‌కు కోపం రావడంలో తప్పులేదు. ముందే చెప్పకపోవడం మా తప్పు.

పక్కవాళ్ళ మీద ఆధారపడినవి ఇంకా పెద్ద దెబ్బ. ఎందరో వాడిన పార్స్ అనే బ్యాక్‌ఎండ్ (సర్వర్ వైపు పని చూసే) సర్వీసును మూసేస్తున్నట్టు ఫేస్‌బుక్ 2016 జనవరిలో ప్రకటించి, ఏడాది తర్వాత ఆపేసింది. గూగుల్ మ్యాప్స్ ధరల పద్ధతి 2018లో మారింది. అప్పుడిచ్చిన నెలకు 200 డాలర్ల క్రెడిట్ 2025 మార్చి 1 నుంచి పోయింది. యాప్‌లు రాసే సాధనం జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2024 మే 1తో ముగిసింది. వీటిలో దేనికీ యాప్ యజమాని చేసిన తప్పేమీ లేదు. నేనైతే తయారీ ఖర్చులో ఏడాదికి 15 నుంచి 20 శాతం నిర్వహణకు పక్కన పెట్టమంటాను. కొత్త ఫీచర్లు అందులో రావు.

అపోహ: మనుషుల్ని పెంచితే త్వరగా అయిపోతుంది

ముగ్గురున్న టీమ్‌లో మాట్లాడుకోవాల్సిన జతలు 3. ఎనిమిది మందైతే 28. కొత్తగా వచ్చినవాళ్ళకు పని నేర్పేది పాతవాళ్ళే, ఆ వారం వాళ్ళ పనీ ఆగుతుంది. బిల్లు మాత్రం ఎనిమిది మందికీ వస్తుంది.

అపోహ: కొటేషన్లు పక్కపక్కన పెట్టి తక్కువది ఎంచుకోవాలి

తక్కువ చెప్పినవాళ్ళంతా మోసగాళ్ళనీ, ఎక్కువ చెప్పినవాళ్ళంతా పనిమంతులనీ నేననను. రెండు కొటేషన్లలో అంకె కన్నా ముందు లేనివేంటో పోల్చండి. టెస్టింగ్ ఉందా, ఎన్ని ఫోన్ల మీద? అడ్మిన్ ఉందా? లాంచ్ తర్వాత బగ్‌లు ఎన్నాళ్ళు చూస్తారు? స్టోర్ ఖాతా ఎవరి పేరున ఉంటుంది?

ఆ చివరి ప్రశ్న అడక్కపోవడం వల్ల ఒకాయన మా దగ్గరికి వచ్చారు. యాప్ ఆయనది, స్టోర్ ఖాతా మాత్రం దాన్ని తయారుచేసినవాళ్ళది, సోర్స్ కోడ్ కూడా వాళ్ళ దగ్గరే. వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు యాప్ మార్చుకునే సౌకర్యం రెండు స్టోర్లలోనూ ఉంది, కానీ పాత ఖాతాదారు చేయి కలపాలి కదా. చివరికి కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టి, పాతదాని డౌన్‌లోడ్లు, రేటింగులు అన్నీ వదులుకున్నారు. ఖాతా 25 డాలర్లతో తన పేరునే తెరుచుకుని డెవలపర్లకు అనుమతి ఇచ్చి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు నా కొటేషన్‌లో "ఇందులో లేనివి" అనే పేజీ ధర కన్నా ముందు వస్తుంది. మొదటిసారి దాన్ని చూసిన క్లయింట్ ముఖం చిట్లించుకున్నారు. పెన్ను తీసి ఒక్కొక్కటీ చదువుతూ, చాట్ దగ్గర ఆగి, "ఇది ఎవరడిగారు?" అన్నారు. వాళ్ళ జాబితాలోదే. ఎవరు రాశారో వాళ్ళకే గుర్తులేదు. కొట్టేశారు, దాని వెనకే వీడియో కాల్ కూడా కొట్టేశారు. ఆ యాప్ వచ్చి ఏడాది దాటింది, చాట్ కావాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.