నైఫ్‌లో కె ఎందుకు పలకదు

చిన్నీ, బుజ్జిగా,

మొన్న ఫోన్లో నేను వెడ్నెస్‌డే అంటే బుజ్జిగాడు పగలబడి నవ్వాడు కదా, అందులో డి పలకదు అమ్మమ్మా అని. కోపమేం రాలేదులే, కానీ పోయినసారి వచ్చినప్పుడు మీ అమ్మ ఇక్కడ వదిలేసి వెళ్ళిన కథల పుస్తకం గుర్తొచ్చింది, దాని సంగతి రాద్దామని కూర్చున్నా. మీ కెనడాదే.

పేరు 'హౌ టు ప్రొనౌన్స్ నైఫ్', రాసినావిడ సూవన్‌ఖమ్ తమ్మవోంగ్సా. లావోస్ వాళ్ళు, థాయిలాండ్‌లో శరణార్థుల క్యాంపులో పుట్టి టొరంటోలో పెరిగింది. 2020లో పుస్తకం వచ్చింది, ఆ ఏడే గిల్లర్ ప్రైజూ వచ్చింది, కెనడాలో కథలకీ నవలలకీ ఇచ్చే పెద్ద బహుమతి అది. మొదటి కథలో ఒక చిన్నపిల్లకి నైఫ్ అన్న మాట చదవడం రాక నాన్నని అడుగుతుంది, ఆ ఇంట్లో చదువొచ్చింది ఆయనొక్కడికే. ఆయన కూడబలుక్కుని కె కూడా కలిపి చెప్తాడు. మన తెలుగులో అయితే అదే కరెక్టు మరి, రాసిందల్లా పలకాల్సిందే. మర్నాడు క్లాసులో ఆ పిల్ల అలాగే చదివితే కె సైలెంట్ అంటారు, ఈ పిల్ల ఒప్పుకోదు, అందరికన్నా ముందు నిలబడ్డ అక్షరానికి శబ్దం లేకపోవడమేంటని అరిచి పోట్లాడుతుంది. ఇంటికొచ్చాక మాత్రం నాన్న దగ్గర ఆ ఊసే ఎత్తదు. అక్కడ పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చుండిపోయా. మిగతా కథల్లో కోళ్ళ ఫ్యాక్టరీలో, నెయిల్ సెలూన్‌లో పనిచేసేవాళ్ళు, వానపాములు ఏరేవాళ్ళు కూడా ఉన్నారు. అవి పెద్దవాళ్ళ కథలు, ఇప్పుడే వద్దు, ఈ ఒక్కటీ చదవండి.

చిన్నీ, నువ్వు తొమ్మిదో క్లాసుకొచ్చావు కాబట్టి నీకు 'ద మారో థీవ్స్'. 2017లో వచ్చింది, గవర్నర్ జనరల్ అవార్డు అని అక్కడి పెద్ద సాహిత్య బహుమతి కూడా కొట్టింది. రాసిన చెరీ డిమలైన్ మేటీ ఆవిడ, అంటే అక్కడి మూలవాసుల్లో ఒక జాతి. భూమి పాడైపోయాక జనానికి కలలు రావడం ఆగిపోతుంది, మూలవాసులకి మాత్రం ఇంకా వస్తుంటాయి, అవి వాళ్ళ ఎముకల మూలుగలో ఉన్నాయని వాళ్ళని వేటాడి పట్టుకుపోతుంటారు. పట్టుకెళ్ళి పెట్టే చోటుని స్కూలు అంటారు, ఆ మాట మాత్రం ఊహ కాదమ్మా. మీ దేశంలో నిజంగానే దాదాపు 1,50,000 మంది మూలవాసీ పిల్లల్ని రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు, 1990ల దాకా నడిచాయి అవి, సొంత భాష మాట్లాడితే శిక్షే. అందుకే ఆ కథలో మినర్వా అనే ముసలావిడ దగ్గర రోజ్ అనే పిల్ల పాత భాష మాట ఒక్కటి నేర్చుకుంటే ఫ్రెంచీ అనే కుర్రాడికి ఎంత కుళ్ళో. తర్వాత ఆ ముసలావిడ ఏం చేస్తుందో నేను చెప్పను, చదువుకో. (ముసలాళ్ళంటే నాకు కొంచెం పక్షపాతం ఉందిలే.)

బుజ్జిగాడికి 'ద బ్యారెన్ గ్రౌండ్స్', విన్నిపెగ్‌లో ఉండే క్రీ రచయిత డేవిడ్ ఎ. రాబర్ట్‌సన్ రాశాడు, 2020ది. క్రీ అంటే అక్కడి మూలవాసుల్లో ఇంకో జాతి. మోర్గన్, ఈలై అని ఇద్దరు క్రీ పిల్లలు, సొంతవాళ్ళ దగ్గర కాకుండా వేరేవాళ్ళింట్లో పెరుగుతుంటారు. అటక మీద ఈలై గీసిన బొమ్మలోంచి మంచు లోకంలోకి వెళ్ళిపోతారు, అక్కడ జంతువులు రెండు కాళ్ళ మీద నడుస్తాయి, మాట్లాడతాయి, పాపం తిండి ఉండదు వాటికి.

ఈ శనివారం లైబ్రరీకి వెళ్ళేటప్పుడు మీ అమ్మకి ఈ పేర్లు గుర్తుచెయ్యండి. బుజ్జిగా, నేను వెడ్నెస్‌డే అలాగే అంటా. నువ్వు మాత్రం బుధవారం అనేటప్పుడు ఆ ఒత్తు మింగేస్తున్నావు, పండక్కి వచ్చినప్పుడు చెప్తా నీ పని.

మీ అమ్మమ్మ