హాంకాంగ్ డాలర్ బొంబాయిలో ఎందుకు తయారైంది?

ప్రియమైన పిల్లలకు,

ఏ దేశం డబ్బు ఆ దేశంలోనే తయారవుతుందని మామూలుగా అనుకుంటాం. బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్‌కు మాత్రం డాలర్ ఎక్కడ కొట్టాలి, ఖర్చెవరు పెట్టుకోవాలి అన్నది తేలడానికే ముప్పై ఏళ్లు పట్టింది.

అప్పట్లో అక్కడి బజార్లో మెక్సికో వెండి డాలర్‌దే రాజ్యం. చైనా షరాబులు రాజు బొమ్మ చూసి డబ్బు తీసుకునేవాళ్లు కాదు. నాణేన్ని తూచి, వెండి మంచిదని తేలితే దాని మీద తమ గుర్తు పొడిచేవాళ్లు. చేతులు మారేకొద్దీ గుర్తులు పెరిగి, కొన్నిటి మీద అసలు బొమ్మే కనిపించేది కాదు.

1863లో లండన్‌లోని రాయల్ మింట్ హాంకాంగ్‌కు చిల్లర చేసి పంపింది. వెండి డాలర్ల కోసం సొంత టంకశాల (నాణేలు కొట్టే చోటు) కావాలని గవర్నర్ హెర్క్యులిస్ రాబిన్సన్ అడిగాడు. లండన్ సరేనంది, కానీ ఖర్చు హాంకాంగ్ ఖజానాదే. 1866లో టంకశాల తెరిచారు. విక్టోరియా రాణి బొమ్మతో డాలర్లు వచ్చాయి. అలవాటైన మెక్సికో డాలర్ ఉండగా చైనా వ్యాపారులు వాటిని సమాన విలువకు తీసుకోలేదు. ముడి వెండి కూడా చాలినంత రాలేదు. 1868లో మూసేశారు, నష్టం హాంకాంగ్ నెత్తినే పడింది. లండన్‌ను నేను తప్పుపట్టేది ఇక్కడే. నాణెం మీద తమ రాణి బొమ్మ కావాలి, నష్టంలో వాటా మాత్రం వద్దు!

యంత్రాలను జపాన్ కొనుక్కుంది. టంకశాల అధికారి థామస్ కిండర్ కూడా అక్కడికే వెళ్లాడు. 1871లో మొదలైన ఒసాకా టంకశాల వెండి యెన్‌లు తర్వాత సింగపూర్ బజార్లో బ్రిటిష్ వాళ్ల కళ్ల ముందే చెలామణి అయ్యాయి.

ఇక మన దేశం సంగతి. ఎవరు వెండి తెచ్చినా రూపాయలు కొట్టి ఇచ్చే పద్ధతిని 1893లో ఇక్కడి ప్రభుత్వం ఆపేసింది. బొంబాయి టంకశాలలో పని తగ్గింది. తూర్పు దేశాల్లోనేమో డాలర్లకు కరువొచ్చింది. 1895లో లండన్ ఉత్తర్వుతో, హాంకాంగ్ లాంటి చోట్ల వాడటానికి ‘బ్రిటిష్ డాలర్’ అనే వెండి నాణెం కొట్టే పని బొంబాయికి వచ్చింది. కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు కదా.

మ్యూజియంలో ఆ నాణెం కనిపిస్తే బాగా చూడండి. ఒకవైపు త్రిశూలం, డాలు పట్టుకుని నిలబడ్డ బ్రిటానియా (బ్రిటన్‌కు గుర్తుగా వేసే స్త్రీ బొమ్మ), వెనక ఓడ. రెండోవైపు నడుమ దీర్ఘాయువు అనే అర్థమిచ్చే చైనా అక్షరం, చుట్టూ చైనా, మలయ్ భాషల్లో విలువ. రాణి బొమ్మ లేదు. మొదటిసారి తిన్న దెబ్బ గుర్తుండే మానేశారని నాకనిపిస్తుంది. త్రిశూలం మధ్య మొన మీద భూతద్దంతో చూస్తే సన్నని ‘బి’ ఉంటుంది. అది బొంబాయి గుర్తు.

1903లో సింగపూర్, పెనాంగ్, మలక్కా ఉన్న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ అనే బ్రిటిష్ వలస సొంత డాలర్ పెట్టుకున్నప్పుడూ పని బొంబాయికే వచ్చింది. పాత డాలర్లను ఓడల్లో ఇక్కడికి పంపి, కరిగించి కొత్తవి కొట్టించారు. ఈసారి ఎడ్వర్డ్ రాజు బొమ్మ వేశారు. పాతవాటిని చెల్లకుండా చేసేశారు కాబట్టి, షరాబులకు నచ్చినా నచ్చకపోయినా తీసుకోక తప్పలేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య